కుడికన్ను బాగానే ఉందమ్మా

కళ్ళకు లేజరు చేశాక నెల్లాళ్ళు దుమ్ము, పొగ తగలకూడదని డాక్టరుగారు చెబితే నేను బుద్ధిమంతురాలిలా తలూపి, "మా ఊరెళ్ళిపోతానండీ, పల్లెటూరు, ప్రశాంతంగా ఉంటుంది" అన్నాను. ఆయనది మా వైపు కాదు. పల్లెటూరంటే చెట్లూ చల్లగాలీ అనుకుని ఆయన "వెరీ గుడ్" అన్నాడు. ఆయనకంటే తెలియదు, నాకేం వచ్చింది రోగం? పర్చూరు దగ్గర మిరప చేల మధ్య పుట్టి పెరిగినదాన్ని, ఫిబ్రవరిలో మా ఊరెలా ఉంటుందో నాకు తెలియదా? ఊరి చుట్టూ కల్లాలే. ఎక్కడ చూసినా ఆరబోసిన ఎర్రకాయ. పొరుగూరి నుంచి వచ్చినవాళ్ళు బస్సు దిగీ దిగగానే తుమ్ముతారు. మేము తుమ్మం. పుట్టినప్పటి నుంచీ పీలుస్తున్న ఘాటు కదా, అదొకటి ఉందన్న సంగతే మాకు గుర్తుండదు. అలాగే ఆ రోజు నాకూ గుర్తు రాలేదు.

నాలుగో తరగతిలో ఎక్కిన కళ్ళజోడు నాది. ఏటేటా నంబరు పెరుగుతూ మైనస్ ఎనిమిది దాకా వచ్చి ఆగింది. బళ్ళో సోడాబుడ్డి అని పేరు పెడితే అది ఊళ్ళో స్థిరపడిపోయింది. కోపమొస్తే మా నాన్న కూడా అలాగే పిలిచేవాడు. పొద్దున్నే లేచి మంచం పక్కన తడుముకోవడం, స్నానాల గదిలో సబ్బుకోసం గోడంతా వెతకడం, ఇవన్నీ అలవాటైపోయాయి. అలవాటు కానిది భయం ఒక్కటే. ఆ అద్దాలు పోతే ఎక్కడున్నదాన్ని అక్కడే నిలబడిపోవాలి.

ఆ భయం ఒకసారి నిజమైంది. నేను గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో పనిచేస్తాను. రైతులు దాచుకునే మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, ఏవి ఏ గదిలో ఉన్నాయో కంప్యూటరులో చూసుకోవడం నా పని. ఒకరోజు నంబర్లు సరిచూద్దామని చలిగదిలోకి వెళ్ళాను. బయటి ఎండలోకి రాగానే అద్దాలు ఆవిరి పట్టేశాయి. తుడుచుకుందామని తీస్తే చేతిలోంచి జారాయి. వెనకాల టిక్కీ మోసుకొస్తున్న హమాలీ కాలికింద పడి పటుక్కుమన్నాయి.

"అమ్మాయ్, పక్కకి జరుగు! లారీ ఎనక్కొస్తంది!" అని ఎవరో అరిచారు. ఏ పక్కకి? అన్ని పక్కలా ఎర్రటి మసకే. లారీ హారను వినిపిస్తోంది గానీ ఎటునుంచి వస్తోందో తెలియడం లేదు. అంత నోరున్నదాన్ని, ఆఫీసులో మేనేజరుకే ఎదురు చెప్పేదాన్ని, పిల్లిపిల్లలా అక్కడే గొంతుక్కూర్చున్నాను. ఆ హమాలీయే బస్తా దించేసి వచ్చి నా జబ్బ పట్టుకుని ఆఫీసులో కుర్చీలో కూర్చోబెట్టాడు. ఛీ, ఇదేం బతుకు అనిపించింది. ఆపరేషను చేయించుకోవాలని ఆ కుర్చీలోనే నిర్ణయించుకున్నాను.

మార్చి వచ్చిందంటే కొత్త సరుకు దిగుతుంది, మా ఆఫీసులో సెలవన్న మాట ఎత్తడానికి ఉండదు. అందుకే ఫిబ్రవరి పెట్టుకున్నాను. నాన్న ఇంతెత్తున ఎగిరాడు. "ఉన్న కళ్ళు పోగొట్టుకుంటావా ఏం? కనపడతన్నాయి కదా అద్దాలతో!" అన్నాడు. అమ్మే అడ్డుపడింది. "దాని కళ్ళు, దాని జీతం. మధ్యలో నీకేందయ్యా? దానెంట నేను పోతాగా" అంది. అమ్మ అలా గట్టిగా మాట్లాడటం అరుదు. మిరప కోతలు వదిలేసి గుంటూరు రావడం ఇంకా అరుదు.

ఆపరేషను గురించి అందరూ ఒకటే మాట చెప్పారు, పది నిమిషాలు, నొప్పి ఉండదని. నొప్పి లేదు, నిజమే. కానీ ఆ పది నిమిషాలూ ఎలా ఉంటాయో ఒక్కరూ చెప్పలేదు. చుక్కలు వేసి కళ్ళు మొద్దుబార్చి, బల్లమీద పడుకోబెట్టి, రెప్పలు మూసుకోకుండా క్లిప్పు పెట్టారు. మనకిష్టం లేనిది ఎదురైతే కళ్ళు మూసుకోవచ్చన్న ధైర్యం మనిషికి ఎప్పుడూ ఉంటుందని, అది పోయేదాకా నాకు తెలియలేదు. పైనుంచి ఏదో వచ్చి కంటిని అదిమింది. చూపు నల్లబడిపోయింది. "కదలొద్దమ్మా, ఆకుపచ్చ లైటు వంకే చూడు" అంటున్నారు. ఏ లైటు? ఏమీ కనిపించడం లేదు. లేచి పారిపోదామంటే కన్ను వాళ్ళ చేతిలో ఉంది. కాసేపటికి లైటు కనిపించింది. జుట్టు కాలినట్టు వాసన. అది నా కంటి వాసనే. తర్వాత రెండో కన్ను. మొదటిదానికి తెలియక ఒప్పుకున్నాను, రెండోదానికి తెలిసి తెలిసి పడుకోవాల్సి వచ్చింది.

డాక్టరుగారు తర్వాత విడమరిచి చెప్పారు. కంటి పైపొరను మూతలా లేపి, కింద లేజరు కొట్టి, మళ్ళీ మూసేస్తారట. కుట్లుండవు. దానంతటదే అతుక్కోవాలి. "ఏం చేసినా చెయ్యి గానీ కళ్ళు మాత్రం రుద్దుకోకమ్మా. పొర జరిగిందంటే కష్టం" అన్నారు. అమ్మ ఆ మాట నాలుగుసార్లు నాచేత చెప్పించుకుని, కారులో కూర్చోబెట్టి ఊరికి తీసుకొచ్చింది.

ఇంటికి రాగానే నన్ను వెనక గదిలో పెట్టారు. దుమ్ము రాకుండా కిటికీ మూసి, దానిమీద తడిపిన దుప్పటి కట్టారు. తలుపు కింద సందులో తడిగుడ్డ కుక్కారు. చూడటానికి వచ్చేవాళ్ళు తలుపు తోసుకుని లోపలికి రాకుండా అమ్మ బయట గడియ పెట్టేది. నేను నల్లద్దాలు పెట్టుకుని ఆ చీకట్లో కూర్చునేదాన్ని. సెల్లు చూడకూడదు, టీవీ చూడకూడదు, తలస్నానం లేదు, పడుకునేటప్పుడు కళ్ళమీద ప్లాస్టిక్ మూతలు అంటించుకోవాలి. "అమ్మా!" అని అరిస్తే అమ్మ గడియ తీసేది. అమ్మ కల్లంలో ఉంటే అరిచినా లాభం లేదు. మొదటి రోజంతా నవ్వుకున్నాను. రెండో రోజుకి ఒళ్ళు మండిపోయింది. "కోడిపెట్టని గంపకింద పెట్టినట్టు పెట్టావేందమ్మా నన్ను!" అంటే, "నెల్లాళ్ళు ఓర్చుకోవే తల్లీ, జీవితమంతా చూసుకుందువు గాని" అంది.

ఒక్కటి మాత్రం చెప్పాలి. రెండో రోజు పొద్దున చుక్కలు వెయ్యడానికి అమ్మ తలుపు తీసినప్పుడు, అద్దాలు తీసి అమ్మ ముఖం చూశాను. గది అవతలి గుమ్మం దగ్గర నిలబడ్డ అమ్మ, ముక్కుపుడక రాయితో సహా కనిపించింది. అంత దూరం నుంచి, ముక్కుమీద ఏమీ లేకుండా. ఏడ్చేశాను. "ఏడవకే, ఏడవచ్చో లేదో డాక్టర్ని అడగలా!" అని అమ్మ కంగారుపడింది.

ఆ మధ్యాహ్నం పక్కింటి పెద్దమ్మ ఇంకో ఇద్దర్ని వెంటేసుకుని వచ్చింది. అమ్మ గుమ్మంలోనే ఆపేస్తే, అక్కడి నుంచే మెడలు సాచి చూశారు. పెద్దమ్మ నన్ను అద్దాలు తీయమని, తీశాక బుగ్గలు నొక్కుకుంది. "ఓయమ్మో! ఇంతింత కళ్ళు పెట్టుకుని ఆ సోడాబుడ్ల ఎనక దాచావా ఇన్నాళ్ళూ! ఎంత అందంగా ఉన్నాయే!" అంది. మిగతా ఇద్దరూ అవునంటే అవునన్నారు. నాకు పట్టరాని సంతోషం. అమ్మ ముఖం మాత్రం మాడిపోయింది. వాళ్ళు వెళ్ళీ వెళ్ళగానే లోపలికి వెళ్ళి గుప్పెడు ఎండుమిరపకాయలు, గళ్ళుప్పు పట్టుకొచ్చింది. నలుగురి కళ్ళూ పడ్డాయి, దిష్టి తీయాలంది.

నేను వద్దనలేదు. అదే చిత్రం. చిన్నప్పటి నుంచీ వందసార్లు తీయించుకున్నదాన్ని, అలవాటుగా తూర్పుకి తిరిగి కూర్చున్నాను. అమ్మ నా తల చుట్టూ మూడుసార్లు తిప్పి, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, పెద్దమ్మ దిష్టి" అని గొణిగి, పెరట్లో నీళ్ళ పొయ్యిలో పడేయడానికి తీసుకెళ్ళింది. వెళుతూ గడియ పెట్టింది. పెరటి పొయ్యి ఉండేది సరిగ్గా నా గది కిటికీ కింద. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరికీ తట్టలేదు.

సరిగ్గా అప్పుడే వీధిలోంచి నాన్న కేక వినిపించింది. "మబ్బేసింది, కప్పడానికి పట్టాలు తీసుకురాయే! కాయ తడిసిపోద్ది!" ఆరబోసిన కాయ మీద నాలుగు చినుకులు పడితే చాలు, నల్లబడి ధర పలకని తాలుకాయ అయిపోతుంది. అది తెలిసినవాళ్ళెవరూ ఆ కేక విని ఆగరు. అమ్మ కాళ్ళు పరిగెత్తడం వినిపించింది. వీధి మొత్తం పరిగెత్తుతోంది. వాన ముందు గాలి లేచింది.

ఆ గాలి పొగను తెచ్చి నా కిటికీకి కొట్టింది. దుప్పటి అప్పటికి ఎండిపోయింది. ముందు గొంతులో గరగర. తర్వాత దగ్గు. కొత్త పంట, అందులోనూ ఘాటుకి పేరుపడ్డ తేజ రకం, అదీ అమ్మ ప్రేమకొద్దీ తెచ్చిన నిండు గుప్పెడు. దిష్టి ఉంటే ఘాటు రాదంటారు మా వాళ్ళు. ఆ రోజు వచ్చిన ఘాటును బట్టి చూస్తే నాకు చీమంత దిష్టి కూడా లేదు.

తలుపు బాదాను. "అమ్మా! గడియ తియ్యి! ఎవరన్నా ఉన్నారా!" ఎవరుంటారు, ఊరంతా కల్లాల్లో పట్టాలు కప్పుతోంది. కళ్ళు తెరవలేను, మూస్తే లోపల నిప్పులు. మంచినీళ్ళ చెంబు కోసం తడిమితే అది కిందపడి దొర్లింది. మూల నక్కాను, మంచం కింద దూరాను, పొగ అక్కడికీ వచ్చింది. తుమ్ములు. ఒకదాని మీద ఒకటి, ఊపిరాడని తుమ్ములు. ఎనిమిదో తుమ్ముకో తొమ్మిదో తుమ్ముకో నల్లద్దాలు ఊడిపోయాయి. నా కుడిచెయ్యి నన్ను అడగలేదు. లేచింది, కుడికన్ను మీద పడింది, గట్టిగా ఒకసారి రుద్దేసింది.

ఒక్కసారే. తెలిసిన మరుక్షణం చెయ్యి లాగేసి తొడకింద పెట్టుకుని కూర్చున్నాను. అయిపోయింది, ఇక కన్ను పోయిందనుకున్నాను.

అమ్మ ఎంతసేపటికి వచ్చిందో తెలియదు. పెరట్లో పొగ చూసి గుర్తొచ్చిందేమో, "అయ్యో అయ్యో" అంటూ పరిగెత్తుకొచ్చి గడియ తీసింది. నేను లేచి నిలబడ్డాను. ఎడమకంటికి గుమ్మం కనిపిస్తోంది. కుడికంటికి గుమ్మం రెండు ముక్కలై వంకరగా ఉంది. నాలో ఉన్న భయమంతా నోట్లోకి వచ్చింది.

"నా కన్ను పోగొట్టావు కదే అమ్మా! నీ దిష్టి తగలెయ్య, నువ్వే పోగొట్టావు!"

అమ్మ నా ముఖం తుడవబోయి చేతులు చాచింది. సగంలో ఆగిపోయింది. ఆ చేతులు పొద్దున్నుంచీ కాయలో ఉన్నవి, ఎర్రగా కారం పట్టి ఉన్నాయి. వాటిని వీపు వెనక దాచుకుంది. నేను ఇంకా ఏదేదో అన్నాను. అవి ఇక్కడ రాయను.

నాన్న కల్లం వదిలి రాలేకపోయాడు. అమ్మ చేతులు కడుక్కుని, మళ్ళీ కడుక్కుని, ఊళ్ళో కారున్నాయన్ని బతిమాలి నన్ను గుంటూరు తీసుకెళ్ళింది. దారిపొడవునా తన ఉతికిన చీర కొంగు నా నల్లద్దాల మీద అడ్డంగా పట్టుకుంది, చెయ్యి నొప్పెట్టినా దించలేదు.

ఆసుపత్రిలో డాక్టరుగారు బయటికి రాగానే అమ్మ లేచి రెండు చేతులూ జోడించింది. "నేనే చేశానండీ. దిష్టి తీసి మిరపకాయలు పొయ్యిలో ఏశాను. పిల్లని గదిలో పెట్టి గడియేసి పోయాను. దాని తప్పేం లేదండీ." వరండాలో కూర్చున్నవాళ్ళందరూ తిరిగి చూశారు. అమ్మ పట్టించుకోలేదు.

ఆయన నన్ను లోపలికి తీసుకెళ్ళి, మిషనులోంచి కుడికన్ను చాలాసేపు చూశాడు. "పొర ముడతపడిందమ్మా. పొగకి ముడతపడదు. రుద్దావా?"

"ఒక్కసారండీ" అన్నాను.

ఆయన తిట్టలేదు. మళ్ళీ లేపి సర్దాలన్నాడు. మళ్ళీ బల్ల, మళ్ళీ క్లిప్పు, మళ్ళీ మూయలేని కన్ను. ఈసారి నాకు భయం వేయలేదు. తలుపవతల కూర్చున్న అమ్మ గురించే ఆలోచిస్తూ పడుకున్నాను. పోగొట్టింది నువ్వు కాదు, నా చెయ్యి అని చెబుదామా? చెబితే ఏమంటుంది? "నేను పొగెయ్యకపోతే నువ్వు రుద్దేదానివా?" అంటుంది. ఎటునుంచి చెప్పినా అది తిరిగి తిరిగి అమ్మ దగ్గరకే చేరుతుంది. నా నోటి మాట అమ్మ తలమీద పడిపోయింది, దాన్ని దించే దారి నాకు దొరకలేదు. ఒకటే దారి. కన్ను బాగుండాలి.

బయటికొచ్చేసరికి అమ్మ బెంచీ చివర కూర్చుని ఉంది. పొద్దున తిన్నదే, మళ్ళీ ఏమీ ముట్టలేదు. "కనపడతందా?" అని అడిగింది, అడగడానికి కూడా హక్కు లేనట్టు మెల్లగా.

"బ్రహ్మాండంగా కనపడుతోందమ్మా" అన్నాను. కంటిమీద కట్టుంది అప్పటికి.

నెల తర్వాత పరీక్షించి డాక్టరుగారు ఎడమకన్ను నిక్షేపంలా ఉందన్నారు. కుడికంట్లో సన్నటి ముడత ఒకటి మిగిలిపోయిందట. దానివల్ల అక్షరాలకు నీడ పడుతుంది. ప్రమాదమేం లేదు, కంప్యూటరు పనిచేస్తావు కాబట్టి తలనొప్పి రాకుండా చిన్న నంబరు అద్దాలు వాడుకోమన్నారు. అద్దాలు! ఆ మాట విని పకపకా నవ్వితే ఆయన బిత్తరపోయాడు.

ఆ రోజు నుంచీ నాది దొంగ బతుకు. వారమంతా గుంటూరులో అద్దాలు పెట్టుకుంటాను. శనివారం బస్సెక్కి పర్చూరు దాటగానే తీసి, పెట్టెలో పెట్టి, అన్నం క్యారేజీ అడుక్కి తోసేస్తాను. ఎందుకంటే ఇంట్లో అడుగుపెట్టగానే పరీక్ష ఉంటుంది. అమ్మ తన అరచేత్తో నా ఎడమకన్ను మూసి, గది ఇవతల నిలబెట్టి, అవతలి గోడకున్న క్యాలెండరు చదవమంటుంది. "కుడికన్ను బాగానే ఉందమ్మా" అంటే వినదు. ఇవాళ తిథేంటో, వర్జ్యం ఎప్పుడో, గడిలో సన్నటి అక్షరాల్లో ఉన్నది చదవాలి. నాకక్కడ చీమలబారు తప్ప ఏం కనిపిస్తుంది? కానీ బస్సులోనే సెల్లులో పంచాంగం చూసి కంఠస్థం చేసేదాన్ని. గడగడా అప్పజెప్పేదాన్ని. అమ్మ చెయ్యి దించి, "అమ్మయ్య" అనేది. ఆ వారానికి ఆ మాట చాలు ఆమెకి. వచ్చిన వాళ్ళందరికీ చెప్పుకునేది, "నేను చేసిన దిక్కుమాలిన పనికి కూడా దాని కన్ను చెక్కు చెదర్లా" అని. నేను పక్కనే కూర్చుని తలూపేదాన్ని.

మొన్న ఒక శనివారం నెల మొదటి తారీఖు పడింది. అమ్మ మామూలుగానే ఎడమకన్ను మూసింది. నేను మామూలుగానే చెప్పాను: "ఒకటో తారీఖు, శనివారం, సప్తమి, వర్జ్యం సాయంత్రం ఆరు నుంచి."

అమ్మ "అమ్మయ్య" అనలేదు. కంటిమీది చెయ్యి కూడా తీయలేదు. తర్వాత మెల్లగా చెయ్యి దించి, గోడ దగ్గరకు నడిచింది. రెండు కళ్ళూ తెరిచి చూస్తే అప్పుడు కనిపించింది నాకు. క్యాలెండరు ఇంకా పోయిన నెల దగ్గరే ఉంది. ఎవరూ కాగితం తిప్పలేదు.

అమ్మ కాగితం తిప్పింది. అంచు నలగకుండా మేకు దగ్గర సర్దింది. నావైపు తిరగకుండానే, "కాళ్ళు కడుక్కో, అన్నం పెడతా" అంది.

ఆ తర్వాత నాలుగు శనివారాలు గడిచాయి. అమ్మ చదవమని అడగలేదు. నేను చెప్పనూ లేదు, ఆమె కదపనూ లేదు. పెద్దమ్మ వచ్చినప్పుడు మాత్రం "కన్ను చెక్కు చెదర్లా" అని అంటూనే ఉంది, నా ముఖం వంక చూడకుండా. నేను పర్చూరు దాటగానే అద్దాలు తీసేస్తూనే ఉన్నాను.